పెన్న గట్టు మీద ఏ చెట్లు నాటాలి? కానుగ సరే, మిగతావే తేలడం లేదు

పెన్నాగట్టు:
అందరికీ నమస్కారం. మాది సంగం దిగువన పెన్న ఒడ్డు పల్లె. 2021 నవంబరు వరద గుర్తుండే ఉంటుంది, పడుగుపాడు దగ్గర హైవే, రైలుకట్ట తెగిన వరద. ఆ రాత్రే మా ఊరి ఒడ్డు కూడా నిలువునా కోసుకుపోయింది. మా నాయన చిన్నతనంలో అక్కడ ఇద్దరు కలిసి చేతులు చాచినా అందనంత లావు మద్దిచెట్లు ఉండేవంట. ఇప్పుడు ఉన్నదల్లా సర్కారు కంప, దాని మధ్యలో ట్రాక్టర్లు పోయే దారి.

కుర్రాళ్లం ఓ ఇరవై మందిమి కలిశాం. పంచాయతీలో తీర్మానం చేయించి, ఒడ్డు పోరంబోకులో ఆరెకరాల పట్టీలో చెట్లు పెంచుదామనుకుంటున్నాం. ఒక నర్సరీ వాళ్లు మూడు వేల మొక్కలు ఊరికే ఇస్తామన్నారు. వాళ్ల దగ్గర ఉన్నవి కోనోకార్పస్, తురాయి, నిద్రగన్నేరు, టేకు, వేప, కానుగ. జులైలోనే నాటేయమంటున్నారు. వీటిలో ఏవి తీసుకోవాలి, ఏవి వద్దనాలి? చెట్ల గురించి మాకు పెద్దగా తెలీదు, తిట్టకుండా చెప్పండి.

బోటనీ_టీచర్:
తిట్టను గానీ ఆ లిస్టులో కానుగ ఒక్కటే తీసుకోండి. కోనోకార్పస్ సంగతి ఎత్తను, దాని మీద ఇప్పటికే చాలా గొడవ నడుస్తోంది. తురాయి మడగాస్కర్ చెట్టు. నిద్రగన్నేరు దక్షిణ అమెరికాది, పైగా కొమ్మ పెళుసు. టేకు, వేప మంచివే, కానీ వాటి వేళ్లు నీళ్లలో నానితే బతకవు. వేపను ఊరి వైపు మెరక మీద పెట్టుకోండి.

మొక్క పేరు అడిగేముందు ఒడ్డును మూడు భాగాలుగా చూడండి. ఏటా నీళ్లు తాకే కింది అంచు, పెద్ద వరద వస్తేనే మునిగే వాలు, ఎప్పుడో గానీ మునగని పైగట్టు. కింది అంచుకు చెట్టు కంటే ముందు గడ్డి కావాలి. రెల్లు, వట్టివేరు, తుంగ, వాటి వెనక వావిలి పొదలు. ఇసుకను పట్టుకునేది అవే. వాలులో తెల్లమద్ది, నేరేడు, కానుగ, మేడి, నల్లతుమ్మ. పైగట్టుకు జువ్వి, నెమలినార, ఈత, చింత. వెదురు కావాలంటే మలుపుల దగ్గర గుంపులుగా పెట్టండి.

పెన్నాగట్టు:
చాలా థ్యాంక్స్ మేడమ్. నల్లతుమ్మ అంటే మా వాళ్లు ఒప్పుకోరేమో. ముళ్ల చెట్లు పీకి మళ్లీ ముళ్ల చెట్లే నాటుతారా అంటారు.

బోటనీ_టీచర్:
రెండూ ఒకటి కాదని చెప్పండి. సర్కారు తుమ్మ, అదే మీ సర్కారు కంప, అమెరికా ఖండాల నుంచి తెచ్చింది, దాని కింద ఇంకో మొక్కను లేవనివ్వదు. నల్లతుమ్మ మన చెరువుల లోపలి అంచుల్లో ఎప్పటినుంచో ఉన్న చెట్టు. నెలల తరబడి మొదలు నీళ్లలో ఉన్నా తట్టుకుంటుంది, ఉప్పు నేలనూ ఓర్చుకుంటుంది. మీ నాయన గారిని అడగండి, నాగలికీ బండి చక్రానికీ ఏ కర్ర వాడేవారో.

ఉదయగిరి_బిడ్డ:
లోకల్ చెట్టే కావాలంటే ఎర్రచందనం ఉందిగా! వెలిగొండలు, శేషాచలం వైపు కొండల్లో పుట్టిన చెట్టు, మన జిల్లాలోనూ ఉంది, ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో పెరగదు. నాటితే మీ పిల్లల కాలానికి పంచాయతీకి కోట్లు. కానుగ, తుమ్మ నాటి ఏం లాభం?

బోటనీ_టీచర్:
జిల్లా చెట్టయినంత మాత్రాన ఏటి చెట్టు కాదండీ. ఎర్రచందనం రాపూరు, ఉదయగిరి వైపు రాళ్ల వాలుల్లో, నీరు నిలవని నేలలో పెరిగేది. తడి ఒండ్రులో పెడితే వేరు కుళ్లి చస్తుంది. చావకపోయినా ఆ నేలలో చేవ సరిగ్గా రాదు, మీ కోట్లూ రావు. లోకల్ అనే మాటకు నేను చెప్పుకునే అర్థం ఇదే. అదే జిల్లాలో కొండది కొండకు, ఏటిది ఏటికి.

ఉదయగిరి_బిడ్డ:
సరే మేడమ్, కోట్లు వదిలేశాను 😄 ఇంకో మాట. మా వైపు వాగుల్లో చిల్లచెట్టు బాగా ఉంటుంది, అది పెట్టొచ్చు కదా?

ఒంగోలు_చలపతి:
అయ్యా బాబూ!! చిల్లచెట్లు పీకలేక మేం చస్తుంటే మీరు నాటమంటారా?

బోటనీ_టీచర్:
ఈ గొడవ నా క్లాసులో ఏటా వస్తుంది. ప్రకాశం వైపు చాలామంది సర్కారు తుమ్మనే చిల్లచెట్టు, చిల్లకంప అంటారు. ఉదయగిరి ఆయన చెప్పేది అసలు చిల్ల, ఇందుప అని కూడా అంటారు. దాని గింజను కుండ లోపలి గోడకు అరగదీస్తే వరద నీటి బురద అడుక్కు దిగి నీళ్లు తేరుకుంటాయి. మా అమ్మమ్మ ఇంట్లో ఆ గింజలు ఉప్పుజాడీ పక్కనే ఉండేవి. నిదానంగా పెరుగుతుంది, పైగట్టు మీద అక్కడక్కడా పెట్టుకోవచ్చు. నర్సరీలో మాత్రం చిల్ల అని అడిగితే ఏమిస్తారో చెప్పలేను.

పేర్ల గోల వచ్చింది కాబట్టి ఇంకొకటి. మద్ది అని మాత్రమే అడగొద్దు, తెల్లమద్ది లేదా ఏరుమద్ది అనండి. నల్లమద్ది కొండ అడవి చెట్టు, బెరడు మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. ఏరుమద్ది మాను తెల్లగా, నున్నగా, పెచ్చులు రాలి ఉంటుంది. రెంటి కాయకూ రెక్కలుంటాయి, కాయ చూసి మోసపోకండి.

రిటైర్డ్_ఏఈ:
చెట్ల పేర్లు అందరూ చెబుతున్నారు, గట్టు ఎవరిదో ఎవరూ అడగడం లేదు. పంచాయతీ తీర్మానం ఒక్కటే చాలదు. పోరంబోకు రెవెన్యూది, ఏటి గర్భం, కరకట్ట ఇరిగేషన్‌వి. ముందు తహసీల్దారు దగ్గర, ఇరిగేషన్ డివిజన్‌లో కాగితం తీసుకోండి. ఉన్న పెద్ద చెట్టును కొట్టాలన్నా 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది.

రెండోది. కరకట్ట మీద గానీ, దాని వాలులో గానీ ఒక్క చెట్టు కూడా వద్దు. చెట్టు బతికున్నన్నాళ్లు బాగానే ఉంటుంది. చచ్చాక వేరు కుళ్లి కట్టలో సొరంగం మిగులుతుంది, వరదలో నీళ్లు అక్కడినుంచే ఊట పెడతాయి. బుంగ పడిందని తెలిసేసరికి కట్ట ఉండదు. ఇసుకబస్తాలు మోయించినవాణ్ణి, ఊరికే చెప్పడం లేదు. కట్ట మీద గడ్డి చాలు. ఏటి గర్భంలోనూ చెట్లు వద్దు, వరదకు అడ్డం పడి నీటిని ఎదుటి ఒడ్డు మీదకు నెడతాయి. అప్పుడు ఎదుటి ఊరి వాళ్లు మీ మీదకు వస్తారు.

పెన్నాగట్టు:
మా దగ్గర కరకట్ట లేదు సార్, సహజంగా ఉన్న ఒడ్డే. కాగితాల మాట నిజంగా మాకు తట్టలేదు. రేపే కదులుతాం.

ఆత్మకూరు_జీవాలు:
మాకు ఎనభై మేకలు, గొర్రెలు ఉన్నాయి. ఎవుడూ మమ్మల్ని అడగడు, మొక్క పోయినాక మాత్రం మా మీదకొస్తారు. అడగకపోయినా చెప్తాండా. కానుగ, వావిలి మేక ముట్టదు, ఆకలికి చస్తుంటే తప్ప. మేడి, రావి, నేరేడు, తుమ్మ అయితే కొన కూడా మిగల్చదు. మేకకు అందనంత ఎదిగేదాకా వాటికి కాపలా కావాల. మొత్తం పట్టీకి ముళ్లకంచె వేసి మా దారి మూసేస్తే కంచె తెంచేది మావోళ్లే, నిజం చెప్తాండా. నీళ్లకు దిగే రేవు రెండు చోట్ల వదలండి. ఆ రేవుల పక్కన కానుగ, వావిలి పెట్టి, మేడి లోపలికి పెట్టుకోండి.

పెన్నాగట్టు:
అన్నా, ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో జీవాలున్న ఇళ్లు తొమ్మిది. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడతాం.

గ్రీన్_హైదరాబాదీ:
నెల్లూరే మాది, ఉద్యోగం ఇక్కడ. మియావాకీ పద్ధతి ట్రై చేయొచ్చు కదా బ్రో? చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు. రెండు మూడేళ్లలో దట్టమైన అడవి. మా అపార్ట్‌మెంట్ వెనకాల చేశాం, సూపర్‌గా వచ్చింది.

రిటైర్డ్_ఏఈ:
ఆరెకరాలు అంటే ఇరవై నాలుగు వేల చదరపు మీటర్లు. మీ లెక్కన డెబ్భై వేలకు పైన మొక్కలు. నీళ్లు మీ అపార్ట్‌మెంట్ బోరు నుంచి పంపిస్తారా?

బోటనీ_టీచర్:
ఏఈ గారు కాస్త కరుకుగా అన్నారు గానీ మాట నిజం. అది పట్నంలో చిన్న జాగాకు, పక్కనే నీటి గొట్టం ఉన్నచోటికి బాగుంటుంది. ఏటి అడవి ఏకంగా దట్టంగా ఉండదు. గుంపులుంటాయి, మధ్యలో గడ్డి ఉంటుంది. మూడు మీటర్ల ఎడం పెడితే ఎకరాకు నాలుగొందల యాభై దాకా పడతాయి. అంత కూడా అక్కర్లేదు. గుంపులుగా పెట్టి మధ్యలో ఖాళీలు వదిలితే మేడి, నేరేడు తినే పిట్టలూ గబ్బిలాలూ మిగతా గింజలు తెచ్చి పడేస్తాయి. అందుకే మేడి ఉండాలని నా పట్టు. ఎండాకాలంలో వేరే పండు దొరకనప్పుడు కూడా మేడి మాను నిండా కాయలుంటాయి.

నర్సరీ_కావలి:
చిన్న నర్సరీ నడుపుతాను. ఉచితం మొక్కలిచ్చే నర్సరీ నాది కాదు, ముందే చెప్తున్నా 🙏

అందరూ జాతి గురించే మాట్లాడుతున్నారు. మీ మొక్కల్ని చంపేది జాతి కాదు, జులై. మన నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. జులైలో నాటితే ఆగస్టు, సెప్టెంబరు ఎండకు ట్యాంకర్ పెట్టాలి. వనమహోత్సవం క్యాలెండర్ మన వానను చూసి రాసింది కాదు.

ఒంగోలు_చలపతి:
అక్టోబరులో నాటితే నవంబరు వాయుగుండానికి మొక్కతో సహా పోతుంది కదండీ. గుండ్లకమ్మ ఒడ్డున మాకు అదే అయింది. నాటిన పదిహేను రోజులకే వరద. కర్రలు కూడా మిగల్లేదు.

నర్సరీ_కావలి:
అందుకే రెండు దఫాలు. పైగట్టు మొదటి మంచి వాన పడ్డాక, అక్టోబరు మొదట్లో. కింది వాలు వరద తీశాక, డిసెంబరు ఆఖరు, జనవరి. అప్పుడు కింద ఒండ్రు తడి ఇంకా ఉంటుంది, వేరు దిగే నీటి వెనకాలే దిగుతుంది. ఆ దఫాకు మాత్రం జానెడు మొక్కలు వద్దు, నడుము ఎత్తువి, ఏడాది దాటినవి కావాలి. అంటే ఈ ఏడు పైగట్టు చేసుకోండి, కింది వాలుకు ఇప్పుడు గింజ వేసి వచ్చే ఏడు నాటండి. పశ్చిమాన మార్కాపురం వైపు ఉన్నవాళ్లు నా లెక్క పట్టుకోవద్దు, వాళ్ల వాన వేరు.

గింజ సంగతి. ఎండాకాలం పోకముందే కానుగ, మద్ది కాయలు చెట్టు కిందే దొరుకుతాయి. మద్ది కాయ గట్టిది, రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి వేయండి. మొలకకు నెల పైన పడుతుంది, రాలేదని పారబోయకండి. నేరేడు గింజ ఉల్టా. పండు తిని ఊసిన వారం పది రోజుల్లో వేసేయాలి, ఎండబెట్టి దాచారా చచ్చినట్టే. మేడికి గింజ కంటే కొమ్మ మేలు. వావిలి అయితే పుల్ల గుచ్చితే చాలు. గింజలు మీ ఏటి వెంట చెట్ల నుంచే ఏరండి, అదీ ఒక చెట్టు నుంచి కాదు, పది పదిహేను చెట్ల నుంచి.

పెన్నాగట్టు:
మా ఒడ్డున మద్దిచెట్టే మిగల్లేదు సార్. ఎక్కడ వెతకాలి?

ఒంగోలు_చలపతి:
మద్దిపాడు రండి! ఊరి పేరులోనే మద్ది ఉంది, పక్కనే గుండ్లకమ్మ. మా తాత అనేవాడు, ఊరి పేర్లు చూస్తే ఏ అడవి పోయిందో తెలుస్తుందని. ఈతముక్కల, మర్రిపాడు, జువ్వలదిన్నె, తుమ్మలపెంట.

రిటైర్డ్_ఏఈ:
ఆ లెక్కన నెల్లూరు నిండా ఉసిరి నాటాలి. నెల్లి అంటే అరవంలో ఉసిరి. కాదు, నెల్లు అంటే వడ్లు అనేవాళ్లు ఇంకో జట్టు 😀

ఒంగోలు_చలపతి:
నవ్వండి సార్ నవ్వండి. మా వాగు వెంట పెద్ద మద్దిచెట్లు ఏడున్నాయి, నేను చూపిస్తా. ఒక బాధ మాత్రం చెప్పాలి. గుండెజబ్బుకు మంచిదని జనం వచ్చి బెరడు గీక్కుపోతారు. ఒక చెట్టుకు చుట్టూరా ఒలిచేశారు, రెండేళ్లలో నిలువునా ఎండిపోయింది. మీ చెట్లు పెద్దవయ్యాక ఆ కాపలా కూడా కావాలి.

విడవలూరు_గాలి:
మాది ఊటుకూరు దగ్గర, పెన్న సముద్రంలో కలిసేచోటు. ఈ లిస్టు మాకు పనికొస్తుందా? మా దగ్గర ఎండాకాలంలో ఏట్లోకి ఉప్పునీళ్లు ఎగదన్నుతాయి. సరుగుడు తప్ప ఏదీ బతకదంటారు.

బోటనీ_టీచర్:
సరుగుడు కూడా బయటిదే, కలప కోసం వేసిన తోట. మీ చోటికి ఈ లిస్టులో కానుగ, నల్లతుమ్మ పనికొస్తాయి. వాటికి తోడు గంగరావి, మొగలి. పోటు నీళ్లు రోజూ వచ్చి పోయే బురదలో అయితే మడ చెట్లే, వేరే దారి లేదు. మడకు గుంత తీసి మొక్క పెట్టడం కంటే పోటునీరు లోపలికి వచ్చే కాలవ పూడిపోకుండా చూడటమే పెద్ద పని. నీరు వస్తే గింజ దానంతటదే వస్తుంది. ఈ థ్రెడ్‌లో దాన్ని కలిపితే గందరగోళం అవుతుంది, విడిగా థ్రెడ్ పెట్టండి, అక్కడ రాస్తాను.

ఉదయగిరి_బిడ్డ:
మేడమ్, నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెట్టే చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయే, అవేంటి? అవి పెన్నకు పనికిరావా?

బోటనీ_టీచర్:
మంచి ప్రశ్న, నేనే మర్చిపోయాను. నీటి కడప. నేలపట్టు ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనకు పరాయిదేం కాదు. చెరువు నిండితే ఆ చెట్ల మాను నెలల పాటు నీళ్లలోనే ఉంటుంది, పైన పిట్టలు పిల్లల్ని పెంచుకుంటాయి. ఒడ్డు మీద ఇసుకలో పెట్టొద్దు, ఎండకు ఆగదు. వరద వెళ్లాక నీరు నిలిచిపోయే మడుగులు, పాత పాయలు ఉంటే అక్కడ పెట్టండి. బట్టగణప కూడా అటువంటి చోటికే.

పెన్నాగట్టు:
ఒక పాత పాయ ఉంది మేడమ్! దాన్ని పూడ్చి చదును చేద్దామనుకున్నాం. ఆపేస్తాం. ఆఖరి డౌట్, ఉన్న కంపను ఏం చేయాలి? జేసీబీ పెడితే రెండు రోజుల పని అంటున్నారు.

రిటైర్డ్_ఏఈ:
ఆ రెండు రోజుల పని చేసి ఊరుకుంటే నవంబరులో ఒడ్డు మొత్తం పోతుంది. చెత్తదైనా, ఇప్పుడు మీ మట్టిని పట్టుకుని ఉన్నది ఆ కంప వేరే. పట్టీలు పట్టీలుగా తీయండి. పదడుగులు తీసి ఇరవై అడుగులు వదలండి. పైగట్టు మీద మొదలుతో పెకలించండి, లేకపోతే మళ్లీ చిగురేస్తుంది. వాలులో మాత్రం నేలమట్టానికి కొట్టి, చిగురు వచ్చినప్పుడల్లా విరిచేయండి. మధ్యలో మీ మొక్కలు నిలబడ్డాక మిగతా ఇరవై.

ఆత్మకూరు_జీవాలు:
కంప కాయలు జీవాలు తింటాయి, పేడలో గింజ మళ్లీ మొలుస్తాది. కాబట్టి కాయ రాలక ముందే కొట్టండి. బొగ్గు కాల్చేవోళ్లకు చెప్తే వాళ్లే కొట్టుకుపోతారు, మీకు కూలి మిగులుద్ది. కాకపోతే మొదలు పెకలించాలని ముందే మాట పెట్టుకోండి, లేకపోతే పైన కొట్టుకుని పోతారు.

పెన్నాగట్టు (పదిహేడు నెలల తర్వాత):
థ్రెడ్ కిందకి పోయింది, పైకి తెస్తున్నా. ఏమైందో చెప్పాలిగా.

కాగితాలకే నాలుగు నెలలు పట్టింది. నర్సరీ నుంచి కానుగ మాత్రం తీసుకున్నాం, వాళ్లకు కోపం వచ్చింది. అక్టోబరులో పైగట్టు వరకే నాటాం. కానుగ పదికి ఎనిమిది బతికాయి. నెమలినార పర్వాలేదు. జువ్వి కొమ్మలు సగం పోయాయి, మేం ఎండిన కొమ్మలు తెచ్చామని తర్వాత తెలిసింది. చింత మొక్కలు కూడా పోయాయి, అక్కడ నీళ్లు నిలుస్తాయని మాకు ముందు తెలీదు. వాటి గుంతల్లోనే తర్వాత నల్లతుమ్మ వేశాం, ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు.

చలపతి అన్న చూపించిన ఏడు చెట్ల కింద మద్దికాయలు ఏరాం. ముప్పై ఐదు రోజులైనా మొలక లేదు, మా వాడొకడు కవర్లు పారేద్దామన్నాడు. కావలి సార్ మాట గుర్తొచ్చి ఆగాం. నలభై దాటాక వరసగా లేచాయి! వాటిని మొన్న జనవరిలో కింది వాలులో పెట్టాం. ఎండాకాలం బిందెలతో నీళ్లు పోశాం, జీవాల వాళ్ల పిల్లలే ఎక్కువ పోశారు. మేడి ఒక్క మొక్క కూడా మిగల్లేదు, రేవు పక్కనే పెట్టినందుకు. ఆత్మకూరు అన్న చెప్పినా వినలేదు, తప్పు మాదే.

పాత పాయలో నీటి కడప పన్నెండు ఉన్నాయి. బట్టగణప మాత్రం ఎక్కడా దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉందా?

నర్సరీ_కావలి:
మేడి కొమ్మలు నేనిస్తా, బండి తీసుకురండి. ఈసారి బొటనవేలి కంటే లావువి తీసుకోండి. బట్టగణప గింజ నా దగ్గర లేదు. అది దుమ్ములా ఉంటుంది, కాయ పగలక ముందే గుడ్డలో కట్టుకోవాలి.

ఒంగోలు_చలపతి:
మా వాగు దగ్గర ఒకటుంది. కానీ గుడి చెట్టు. కింద పోలేరమ్మ ఉంది, కొమ్మ తుంచాలంటే పూజారిని అడగాలి, ఆయనకు మొక్కల వాళ్లంటే పడదు.

పెన్నాగట్టు:
కొమ్మ వద్దన్నా, కాయలే చాలు. పండక్కి నేనే వస్తా, కొబ్బరికాయ తీసుకొస్తా. ఆయనతో మాట్లాడేది మాత్రం నువ్వే.